పొట్నూరు కూర్మయ్య గారు ఆలస్యంగా చనిపోయిన విధము

మనిషి కోతి నుంచి పుట్టాడని శాస్త్రవేత్తలు చెప్తారు. బ్రహ్మ నుంచి పుట్టాడని పురోహితులు చెప్తారు. ఈ రెండు వాదనల్లో దేనికీ గెజిటెడ్ అధికారి సంతకం లేదు కనుక ప్రభుత్వం రెంటినీ పెండింగులో ఉంచింది. ప్రభుత్వ అభిప్రాయంలో మనిషి ధ్రువపత్రం నుంచి పుడతాడు. తల్లిదండ్రులు సాక్షులు మాత్రమే (ఇద్దరూ ఆధార్ కార్డుతో హాజరు కావలెను).

ఈ సత్యం గజపతినగరంలో చింతపండు, పప్పుల వర్తకం చేసుకునే పొట్నూరు జగన్నాధానికి యాభై ఆరో ఏట, అంటే రెండువేల పదహారులో బోధపడింది.

జగన్నాధానికి భావనపాడు వైపు కాస్త ఇసకనేల ఉంది. ముత్తాత నాటిది. జగన్నాధం దాని మొహం చూసి చాలా ఏళ్ళైంది. అక్కడొక పాకలో ఆయన మేనత్త లక్ష్మీనరసమ్మ ఉంటోంది. పెళ్ళైన కొత్తలోనే మొగుడు పోతే పుట్టింటి నేలకు తిరిగొచ్చి, ఉత్త ఇసకలో కడవలతో నీళ్ళు మోసి జీడిమొక్కల్ని పెంచింది. ఇప్పుడవి తోట. ఆవిడకిప్పుడు ఎనభై ఏళ్ళకు కాస్త అటో ఇటో. ఏడాదికోసారి మేనల్లుడికి ఒక సంచీడు జీడిపప్పు పంపేది. ఆయన ఆ సంచీని కొట్లో అమ్మకుండా ఇంటికే పట్టుకెళ్ళేవాడు. వాళ్ళ బంధుత్వం అంతే, బాగానే ఉండేది.

అలా ఉండగా 'సాగర దర్శన్' అనే వెంచర్ వాళ్ళు వచ్చి, ఆ నేలను ప్లాట్లు వేస్తామన్నారు (అక్కడి నుంచి సముద్రం కనబడదు, గాలి వాటంగా ఉంటే వినబడుతుంది). కాగితాలు మీ పేర ఉంటే చాలన్నారు. జగన్నాధం ఆన్‌లైన్ సెంటరుకెళ్ళి సర్వే నంబరు కొట్టించాడు. యజమాని గడిలో 'పొట్నూరు కూర్మయ్య' అని వచ్చింది. సాగుదారు గడిలో కూడా కూర్మయ్యే. కూర్మయ్య జగన్నాధానికి ముత్తాత. ఈయన పుట్టడానికి చాలా ముందే పోయాడు. అయినా కంప్యూటరు ప్రకారం ఏటేటా ఖరీఫులో చోళ్ళు వేస్తూనే ఉన్నాడు.

పేరు మార్పించుకోవాలంటే వంశ సంధాన విభాగానికి వెళ్ళాలి. తెగిపోయిన తరాలను కాగితంతో అతికించడం ఆ విభాగం పని. అక్కడ సీనియర్ అసిస్టెంటు నరసింగరావు ఉంటాడు. మర్యాదస్తుడు. ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు. కుర్చీ లేదు కనుక మాట్లాడడమే తగ్గించేశాడు.

"కూర్మయ్య నుంచి మీ దాకా వంశవృక్షం పట్రండి," అన్నాడు. "ప్రతి తండ్రీ ఆ కొడుక్కి తండ్రేనని ఒక ఆధారం, ప్రతి కొడుకూ ఆ తండ్రికి కొడుకేనని ఇంకో ఆధారం ఉండాలి."

"ఈయన ఆయనకి తండ్రైతే ఆయన ఈయనకి కొడుకే కదండీ?"

"అది మీ ఇంట్లో," అన్నాడు నరసింగరావు.

జగన్నాధం ఆ రోజే అఫిడవిట్ కాగితం మీద వంశవృక్షం రాయించాడు. కూర్మయ్య కొడుకు సింహాద్రి. సింహాద్రి కొడుకు పైడయ్య. పైడయ్య కొడుకు జగన్నాధం. చూడ్డానికి చెట్టులా లేదు, పందిరి గుంజలా ఉంది. మేనత్తను ఎక్కడా రాయలేదు. ఆయనకు మేనత్త మీద కోపమేమీ లేదు. ఆడపిల్లల్ని రాస్తే సంతకాలు కావాలని, సంతకాలంటే మాటలొస్తాయని, మాటలొస్తే జీడిచెట్లు కొట్టించడం కష్టమని ముందుచూపు.

"ఆడవాళ్ళెవరూ లేరా?" అని నరసింగరావు అడిగాడు.

"మా వంశంలో లేరండి."

నరసింగరావు తలూపాడు. ఆడవాళ్ళు లేకుండా మూడు తరాలు పుట్టుకురావడం ఆయనకు ఆశ్చర్యం కలిగించలేదు. ఆ ఆఫీసుకొచ్చే వంశాలన్నీ అలాగే పుట్టాయి.

ఇక ఆధారాలు. జగన్నాధం తండ్రి పైడయ్య పొందూరులో మేనమామల ఇంట్లో ఉండి చదువుకున్నాడు. జగన్నాధం ఆ బడికెళ్ళి, పాత అడ్మిషన్ రిజిస్టరు దులిపించి, తండ్రి పేరు పట్టాడు. అక్కడ 'రంగం పైడయ్య' అని ఉంది. పుట్టిన ఊరు అన్న చోట కూడా 'రంగం' అనే ఉంది. ఎప్పటి పంతులుగారో, పిల్లవాడు రంగం నుంచి వచ్చాడంటే ఊరినే ఇంటిపేరు చేసేశారు.

నరసింగరావు ఆ నకలు చూసి, "వీరు రంగం వారు, మీరు పొట్నూరు వారు. మీకు ఈయన ఏమవుతారు?" అన్నాడు.

"మా నాన్నండి."

"పరిచయం ఎలా?"

 ఇలా కాదని జగన్నాధం, తెలిసిన మనిషిని అడగడానికి బస్సెక్కి మేనత్త దగ్గరికెళ్ళాడు.

లక్ష్మీనరసమ్మ చెట్టు కింద కూర్చుని పళ్ళ నుంచి జీడిపిక్కలు తిప్పి తీస్తోంది. "ఓరి జగ్గా! ఏటిరా, ఇన్నాలకి గేపకం వొచ్చినానా? కూకో. మజ్జిగ తాగుతావేటి?" అంది.

ఆయన పాతవాళ్ళ సంగతులు అడిగాడు. ఆవిడ సంతోషం పట్టలేకపోయింది. ఆ మాటలు అడిగినవాళ్ళు ఎవరూ లేరు మరి.

"మా తాత కూర్మయ్యకి ఒకటే పనిరా, పూరీ ఎల్లడం. ఎల్లొచ్చినాక మల్లీ ఎప్పుడెల్తానా అని అరుగు మీద కూకోడం. ఆ గోల పడలేక మా అయ్య రంగం ఎల్లిపోనాడు." రంగం అంటే రంగూన్. సముద్రానికి అవతలున్న ఆ పట్నాన్ని ఇక్కడివాళ్ళు పక్క ఊరిని పిలిచినట్టే పిలిచారు. "మీ నాయినా, నానూ అక్కడే పుట్టినాం. బాంబులు పడితే వొచ్చేసినాం. మా యమ్మ నడిసొచ్చినామంటాది. మా అయ్యేమో ఓడెక్కినామంటాడు. ఇద్దరూ కలిసే వొచ్చినారు కదా, మరిదేటో! నాను మా అయ్య బుజం మీదున్నాను, నాకు నడిసినా ఒకటే, ఓడైనా ఒకటే."

"కాగితాలేవైనా ఉన్నాయా అత్తా?"

"బాంబులు పడతంటే కాగితాలెవులు తెస్తారురా? నన్ను తెచ్చినారు, అదే గొప్ప. పూరీ పండా దగ్గిర ఉంటాయేమో సూడు. వొచ్చినాక మొక్కు తీర్సడానికి అందరం ఎల్లినాం." ఆవిడ పిక్కలు పక్కన పెట్టింది. "ఇంతకీ ఇయ్యన్నీ ఇప్పుడెందుకు?"

"వంశవృక్షం రాయిస్తన్నానత్తా."

"మంచి పని సేస్తన్నావు. నన్నెక్కడ రాసినావు?"

"రాస్తాను. పైనుంచి వస్తన్నాను కదా, ఇంకా నీ దాకా రాలేదు."

"నిదానంగానే రా," అని ఆవిడ లోపలికెళ్ళి, వేయించిన జీడిపప్పు పొట్లం కట్టి తెచ్చి మేనల్లుడి చేతిలో పెట్టింది. ఆయన బస్సులో దాన్ని విప్పలేదు. ఆకలి లేక కాదు.

పూరీలో పండా, అంటే యాత్రికుల వంశాలు రాసిపెట్టుకునే గుడి పూజారి, ఎర్రగుడ్డ మూట విప్పి, ఊరూ ఇంటిపేరూ అడిగి, ఒక టీ చల్లారేలోపు పొట్నూరు వారిని పట్టేశాడు. టోకెన్ లేదు, సర్వర్ డౌన్ లేదు, లంచ్ బ్రేక్ లేదు. జగన్నాధం తన జీవితంలో చూసిన, అడగ్గానే కాగితం చూపించిన ఏకైక కార్యాలయం అది (దురదృష్టవశాత్తూ పక్క రాష్ట్రంలో ఉంది). అందులో తెలుగులోనే రాసి ఉంది: 'పొట్నూరు కూర్మయ్య, వాని కొమారుడు సింహాద్రి, సింహాద్రి కొమారుడు పైడయ్య, కొమార్తె నరసమ్మ, రంగమునుండి క్షేమముగా వచ్చి దర్శనము చేసికొనిరి.'

జగన్నాధం నకలు తీయించాడు. పైడయ్య పేరు దాకా ఉంచి, మిగతాది లోపలికి మడిచి పిన్ను కొట్టాడు. ఫైలులో పట్టదని.

"పండా గెజిటెడా?" అని నరసింగరావు అడిగాడు.

"కాదండి. గుళ్ళో చేస్తారు."

"పర్మనెంటా?"

"వంశపారంపర్యం."

"అయితే పర్మనెంటే," అని ఆయన ముద్ర కొట్టాడు.

పైడయ్య పుట్టిన ఊరి దగ్గర చిక్కొచ్చింది. కంప్యూటరులో ఊరి పేరు మనం కొట్టకూడదు, అది చూపించిన వాటిలో ఏరుకోవాలి. అందులో రంగూన్ లేదు. రంగూన్ ఇప్పుడు పరాయి దేశం కనుక, అక్కడ పుట్టినవాడి భూమి వ్యవహారం ఢిల్లీ దాకా పోతుందని నరసింగరావు విచారంగా చెప్పాడు.

"అప్పుడు అదీ మన దేశమేనండి, తెల్లవాళ్ళ కింద."

"నాకు తెలుసు. దీనికి తెలీదు," అని నరసింగరావు కంప్యూటరును చూపించాడు. "ర అక్షరంలో రాజాం ఉంది. పెట్టమంటారా?"

జగన్నాధం పెట్టమన్నాడు. బంగాళాఖాతానికి అవతల పుట్టిన పైడయ్య, చనిపోయిన ఇన్నేళ్ళకు, ఒక్క నొక్కుడుతో రాజాంలో పుట్టాడు.

అన్నీ కుదిరాయి అనుకున్నాక కొత్తగా వంశ సంధానాధికారి వచ్చాడు. పేరు ప్రమోద్. కుర్రవాడు, నిజాయితీపరుడు, నియమావళి మొత్తం చదివినవాడు (ఆఫీసులో అందరూ ఆయన్ని జాలిగా చూసేవారు). ఫైలు తిరగేసి, "కూర్మయ్య గారు చనిపోయినట్టు ఆధారమేది?" అన్నాడు.

"పద్దెనిమిది వందల ఎనభైలో పుట్టాడు సార్," అన్నాడు జగన్నాధం.

"అది పుట్టినట్టు ఆధారం. నేనడిగింది చనిపోయినట్టు."

కూర్మయ్య కాలంలో మరణాల పుస్తకం మునసబు దగ్గరుండేది. ఆ పుస్తకం తుఫానులో పోయిందని కార్యాలయం వారు చెప్పారు. ఏ తుఫానని అడిగితే, ఏది కావాలంటే అది రాసుకోమన్నారు. నియమావళి ప్రకారం, చనిపోయినట్టు ఆధారం లేని వ్యక్తి బతికున్నట్టే. బతికున్న వ్యక్తి ఆస్తిని ఆయనకు చెప్పకుండా మార్చడం అన్యాయం. కాబట్టి ప్రమోద్ గారు కూర్మయ్యకు నోటీసు ఇచ్చారు. గడువులోగా ఆధార్ కార్డుతో స్వయంగా హాజరై వేలిముద్ర వేయాలి. రాని పక్షంలో గడువు ముగిసిన తేదీన మరణించినట్టు భావించి తదుపరి చర్య తీసుకోబడును.

నోటీసు అంటించడానికి ఆ నేలలో ఒకటే తలుపుంది. లక్ష్మీనరసమ్మ పాకది.

ఆవిడ చదువుకోలేదు. పక్కింటి డ్వాక్రా లీడరు మరిడమ్మను పిలిచి చదివించుకుంది. విని, చీర మార్చుకుని, బస్సెక్కి ఆఫీసుకెళ్ళింది.

"బాబూ, మా తాత రాడు," అని నరసింగరావుతో చెప్పింది. "మీరు ఎదురుసూస్తారని సెప్పడానికొచ్చినాను."

"మీరెవరమ్మా?"

"కూర్మయ్య మనవరాల్ని. సింహాద్రి కూతుర్ని."

నరసింగరావు ఫైలు తీసి అఫిడవిట్ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చాడు. మళ్ళీ కిందినుంచి పైకి వెళ్ళాడు. "ఇందులో మీరు లేరమ్మా."

"పైనుంచి వస్తన్నాడట కదా. నా దాకా రాలేదేమో, సూడండి."

"ఇది పూర్తయి చాలా కాలమైంది. కింద రాసుంది కూడా: వీరు తప్ప ఈ వంశంలో మరెవ్వరూ లేరు, ఉన్నట్టు తేలితే శిక్షకు బాధ్యుడను. సంతకం, జగన్నాధం."

 ఆఫీసులో కుర్చీ లేదు కనుక లక్ష్మీనరసమ్మ గుమ్మంలో కూర్చుంది. తరువాత, "అన్నట్టు ఎందుకట, ఈ కాగితాలు?" అని అడిగింది. వెంచర్ సంగతి ఆవిడకు తప్ప ఊరందరికీ తెలుసు కాబట్టి నరసింగరావు చెప్పేశాడు. ఆయన లెక్కలో అది తను చేసిన మొదటి నిబంధనల ఉల్లంఘన.

ఆవిడ ఇంటికి తిరిగొచ్చి మరిడమ్మ ఫోను నుంచి మేనల్లుడికి ఫోను చేసింది.

"ఒరే జగ్గా. నాను లేనటరా?"

జగన్నాధం ఫోను పట్టుకుని కొట్లోంచి వీధిలోకొచ్చాడు.

"మా అయ్య బాంబుల్లోంచి నన్ను మోసుకొచ్చినాడురా. నువ్వు కాగితంలోంచి పడేసినావా?"

"అది కాదత్తా, ఆఫీసోళ్ళు ఆడోళ్ళని రాస్తే లేటవుద్దని..."

"సెట్లు ఎప్పుడు కొట్టిస్తావు? అది సెప్పు. కాపు మీదున్నాయి. పిక్కలేరుకున్నాక కొట్టించు."

జగన్నాధం ఫోను పెట్టేశాడు. ఆ పూట భోంచేయలేదని ఆయన భార్య ధనలక్ష్మి తరువాత చెప్పింది. "ఆవిడ్ని కూడా రాయించీ, పోనీ," అని ధనలక్ష్మి అంది కూడా. ఆయన మర్నాడు రాయిస్తానన్నాడు. మర్నాడు వెంచర్ వాళ్ళొచ్చారు, కుదరలేదు.

గడువు ముగిసింది. కూర్మయ్య హాజరు కాలేదు. సాయంత్రం అయిదు దాకా ఎదురు చూసి, ప్రమోద్ గారు ఆయన మరణాన్ని ప్రకటించారు. ఈ విధంగా పొట్నూరు కూర్మయ్య గారు రెండువేల పదిహేడు జూలైలో, నూట ముప్పై ఏడో ఏట, కార్యాలయపు పనివేళల్లో కన్నుమూశారు.

జగన్నాధం స్వీట్లు పట్టుకుని ఆఫీసుకొచ్చాడు.

"ఒక ఇబ్బంది ఉంది," అన్నాడు ప్రమోద్. "మీ తాత సింహాద్రి గారు అరవై ఒకటిలో పోయారు. మీ నాన్న పైడయ్య గారు తొంభై ఎనిమిదిలో. ఇద్దరికీ ధ్రువపత్రాలున్నాయి. అంటే కూర్మయ్య గారు పోయేనాటికి వారిద్దరూ లేరు. మా నియమావళిలో పధ్నాలుగో నియమం: పై తరం వారు ఒక్కరు జీవించి ఉన్నా, కింది తరం వారు వారసులుగా లేచి నిలబడరాదు. కూర్మయ్య గారి మనవల తరంలో ఎవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

ప్రమోద్ పూరీ నకలు తీశాడు. పిన్ను ఊడదీశాడు. మడత విప్పి చదివాడు. "కొమార్తె నరసమ్మ ఎవరు?"

నరసింగరావు గోడకేసి చూస్తూ, "ఉన్నారు సార్. మొన్న వచ్చి గుమ్మంలో కూర్చున్నారు," అన్నాడు.

జగన్నాధం అందుకున్నాడు. "ఆవిడ రంగంలో పుట్టింది సార్! పరాయి దేశం! ఆవిడకి హక్కుండదు."

ప్రమోద్ కంప్యూటరు చూశాడు. "వారి అన్నగారు రాజాంలో పుట్టారు కదా. మీరే నమోదు చేయించారు. అన్న రాజాంలో పుడితే చెల్లెలు రంగూన్లో ఎలా పుడుతుంది?"

"అసలు నా వంశవృక్షంలోనే ఆవిడ లేదు సార్."

"అవును. అది తప్పుడు అఫిడవిట్. దాని మీద కేసు పెట్టమంటారా, వెనక్కి తీసుకుంటారా?"

జగన్నాధం వెనక్కి తీసుకున్నాడు. స్వీట్లు మాత్రం అక్కడే వదిలేయాల్సి వచ్చింది.

నేల మొత్తం లక్ష్మీనరసమ్మ పేరున ఎక్కింది. పాస్‌బుక్ తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, ఆవిడకు దాంతోపాటు తాతగారి మరణ ధ్రువపత్రం కూడా ఇచ్చారు. ఆవిడ దాన్ని మరిడమ్మతో చదివించుకుని, తేదీ విని, వేళ్ళు లెక్కపెట్టి, మేనల్లుడికి కబురు పంపింది. సర్కారువారు పోయారని చెప్పాక మైల పట్టకపోతే తప్పని, దినకార్యం తోటలోనే పెడుతున్నానని, వంశంలో మగదిక్కు నువ్వే కాబట్టి వచ్చి గుండు చేయించుకోమని.

జగన్నాధం రాడనే అందరూ అనుకున్నారు. వచ్చాడు. పురోహితుడు ఇంత పాత చావుకు ఏ మంత్రమని కాసేపు తటపటాయించి, ధ్రువపత్రం చూసి ధైర్యం తెచ్చుకుని మామూలు మంత్రాలే చదివేశాడు. జగన్నాధం కొత్త గుండుతో విస్తరి ముందు కూర్చుంటే లక్ష్మీనరసమ్మ తనే వడ్డించింది. జీడిపప్పు వేసిన పరమాన్నం రెండోసారి కూడా వేసింది.

"తినురా. సిక్కిపోనావు, ఆఫీసుల సుట్టూ తిరిగి."

"తప్పైపోయిందత్తా."

"తప్పేటి, మీ తాత తాత కాలం నుంచి ఆడదాన్ని రాసినోడెవుడు? ఆ పూరీ పండా ఒక్కడే రాసినాడు. ఆడికి మనమేటి సుట్టాలమా?" ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. "నేల మాత్రం ఇవ్వనురా. అడక్కు. జీడిపప్పు పంపుతాను, ఎప్పట్లాగే."

"పంపు," అన్నాడు జగన్నాధం. కళ్ళు తుడుచుకున్నాడు. గుండు మీద ఎండ కొడుతోందన్నాడు.

వంశ సంధాన విభాగం సిబ్బంది అందరూ భోజనాలకు వచ్చారు. నరసింగరావు చెయ్యి కడుక్కుంటూ, పోయినాయన వయసు మళ్ళీ ఒకసారి అడిగి, "అంత వయసొచ్చినా వృద్ధాప్య పింఛనుకు దరఖాస్తు పెట్టుకోలేదా, పాపం!" అని నిజంగానే బాధపడ్డాడు.

ఆ విభాగం ఏర్పడిన నాటి నుంచీ, దున్నేవారికే నేల దక్కిన ఫైలు ఇదొక్కటే. మరుసటి ఏడాది తనిఖీకి వచ్చిన ఆడిట్ వారు దాన్ని పొరపాటని గుర్తించారు. సరిదిద్దే పని నడుస్తోంది.